అమ్మ వడికి మిగిల్చిన ఉన్ని

మా ఇంట్లో ఎవరి గొంగడి వారితోనే పోతుంది. బతికినన్నాళ్లు వానకూ చలికీ గొర్రెల వెంట భుజాన మోసిన దాన్నే చివరికి మట్టి చేసేటప్పుడు ఒంటి మీద కప్పుతారు. తాతతో ఆయన గొంగడి పోయింది. పెదనాయినతో ఆయనది పోయింది. అమ్మ పోయిన రోజు వాకిట్లో చుట్టాలు గుమిగూడి "గొంగడేది?" అని అడిగితే గాని మాకు తట్టలేదు, అమ్మకంటూ ఒక గొంగడి లేదని.

ఊళ్లో సగం మంది కప్పుకున్నవి అమ్మ వడికిన ఉన్నితో నేసినవే. ఆమె వడికేది, నాయిన నేసేవాడు. తనకోసం ఒకటి నేయించుకుందట గాని, ఒక చలికాలం ఈనిన గొర్రె వణుకుతుంటే దాని మీద కప్పిందట. గొర్రె బతికింది, గొంగడి పాడైపోయింది. "మళ్ల నేసుకుందాం తీ" అనుకుంది. ఆ మళ్ల ఎప్పుడూ రాలేదు. ఇంటి నిండా ఉన్ని పెట్టుకొని, ఆ మనిషికి ఒక గొంగడి లేకుండా పోయిందే అని నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. నాకు ఏదైనా ముందు కోపంగానే వస్తుంది.

నాయిన తన భుజం మీది గొంగడి తీసి అమ్మ మీద కప్పాడు. మెడ తిరగదు గనక మనిషి మొత్తంగా తిరిగి, వంగరాదు గనక నా భుజం పట్టుకొని, అంచులు సర్దాడు. అప్పుడు వానాకాలం. ముందర చలికాలం ఉందని, ఆయనకు కప్పుకోవడానికి ఏమీ మిగల్లేదని ఆ పూట ఎవరికి గుర్తుంటుంది!

మాది మర్రిగూడ దగ్గరి ఊరు. ఇప్పుడు నల్లాల్లో కృష్ణ నీళ్లు వస్తున్నాయి గాని, నాయిన ఎముకలు ఫ్లోరైడు ఉన్న పాత బోరు నీళ్లు తాగినవి. నడుము కర్ర లాగ బిగుసుకుపోయింది. చేతులు భుజాల కంటే పైకి లేవవు. మగ్గం మీద కూర్చోవడం ఎప్పుడో మానేశాడు, మగ్గం కూడా తీసేశాం. నల్ల గొర్రెలు పోయి ఉన్ని లేని ఎర్ర గొర్రెలు వచ్చాక చుట్టుపక్కల నేసేవాళ్లూ లేకుండా పోయారు. అమ్మ మాత్రం ఎక్కడ నల్ల గొర్రెకు బొచ్చు కత్తిరించారని తెలిసినా పోయి అడిగి తెచ్చుకునేది. శుభ్రం చేసి, ఏకి, కదురు ముందేసుకొని కూర్చునేది.

"ఎవరు నేస్తరే గిదంత?" అని అడిగేదాన్ని.

"చేతులు ఊకె ఉంటే నాకు తోచది బిడ్డా" అనేది.

నన్ను మేనత్త కొడుక్కే ఇచ్చారు. అందుకని నా పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. ఊళ్లోనే అంగన్‌వాడీ టీచరు పని. అమ్మ పోయాక నాయినకు రెండు పూటలా అన్నం నేనే తీసుకుపోయేదాన్ని. ఒకరోజు అటక మీద వెల్లుల్లి కోసం వెతుకుతుంటే గంప కనపడింది. పైన ఎండిన వేపాకు, కింద ఉన్ని ఉండలు. నల్లవి, బూడిదరంగువి, అంచుల కోసం దాచిన తెల్లవి కొన్ని. గొంగడికి చాలవు, పారేయడానికి మనసొప్పదు. గంప దించి నాయిన ముందు పెట్టాను. ఆయన ఒక ఉండ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నేను అన్నం గిన్నె మీద మళ్లీ మూత పెట్టాను.

కార్తీకం దాటాక చలి మొదలైంది. మా దిక్కు చలికాలం కొద్ది రోజులే గాని, బోరు నీళ్ల ఎముకలకు ఆ కొద్ది రోజులే చాలు. మా ఆయన బండి మీద అమ్మేవాడి దగ్గర మెత్తటి మింకు దుప్పటి ఒకటి తెచ్చాడు, దాని మీద పెద్ద పులి బొమ్మ. నాయిన దాన్ని మడత విప్పకుండానే తిరిగి నా చేతిలో పెట్టాడు.

"గిది బొచ్చేనా? పిలాస్టిక్కు. మీ అమ్మ వడికింది గంపెడు ఉండంగ నాకు గిదెందుకు?"

"ఉండలు కప్పుకుంటవా మరి? నేసెటోడెవడు?"

"నేసెటోడు లేకుంటె నేను గిట్లనే ఉంట."

గిట్లనే ఉన్నాడు. పొద్దున నేను టీ తీసుకుపోయేసరికి గోడకు ఆనుకొని, చేతులు చంకల్లో పెట్టుకొని, పండ్లు టకటకలాడిస్తూ కూర్చునేవాడు. నేను కప్పితే తీసేసేవాడు. మొండితనంలో నేను ఆయన బిడ్డనే గాని, ఆయన ముందు నాది ఏపాటిది! ఇట్లయితే ఈ చలికాలం ఈ మనిషి దాటడని నాకు భయం పట్టుకుంది. అమ్మ ఉన్ని ఆయన ఒంటి మీదికి ఎట్లా రావాలి? నేత రానిదాన్ని, నా ముందు మిగిలింది అల్లిక ఒక్కటే.

అల్లిక గురించి నాకు తెలిసింది కూడా అంతంతే. బళ్లో చదివేటప్పుడు రంగు ఊలుతో బల్ల మీద పరిచే గుడ్డ ఒకటి అల్లాను, అదీ వంకర. పక్క ఊరి అంగన్‌వాడీలో పనిచేసే అక్క బాలింతలకిచ్చే పిల్లల టోపీలు అల్లుతుందని గుర్తొచ్చి, మీటింగు రోజు ఆమెను పట్టుకున్నాను. గంపలోని ఉండ చూసి అక్క మొహం చిట్లించింది.

"గిది ఊలా, కొబ్బరి పీచా? చేతులు కోసుకపోతయ్ నీకు."

"పోనియ్యి అక్కా. నేర్పుతవా లేదా?"

లావు సూదులు రెండు ఇచ్చింది. మొదలు ఎట్లా వేసుకోవాలో, ఎట్లా ముగించాలో చూపించింది. మిగతాది ఫోన్లో చూసి నేర్చుకొమ్మంది. అట్లా ఫోన్లో ఒక హిందీ ఆమె దొరికింది. ఆమె మొహం ఎప్పుడూ కనపడదు, రెండు చేతులే కనపడతాయి, వెనకనుంచి గొంతు వినపడుతుంది. సూది మీది కన్నులను ఫందాలు అంటుంది. ఒక వరుస సీధా, ఒక వరుస ఉల్టా. ఆ రెండు మాటలు మాకు పుట్టినప్పటి నుంచి తెలిసినవే గనక పని సులువైంది. నాయిన పక్కన కూర్చొని ఫోన్లోకి చూసేవాడు.

"గామె మొఖమెందుకు చూపియ్యది?"

"మొఖంతోటి నీకేం పని? చేతులు చూడు."

"చేతులల్ల కడియాలు గూడ లెవ్వు పాపం" అనేవాడు. అమ్మ పోయాక ఆయన అన్న మొదటి తమాషా మాట అదే. నేను సూదుల వైపే తల వంచుకున్నాను.

అల్లుతుంటే నాకు ఒక సంగతి అర్థమైంది. దారం వేళ్ల మధ్య నుంచి జారుతూ ఉంటే అక్కడక్కడ కొంచెం లావుగా తగులుతుంది. ఏమిటా అనుకున్నాను. ఒకనాడు ఫోన్లో హిందీ ఆమె ముడి వేయకుండా రెండు కొసలు కలపడం చూపించింది. కొసలు పీచులు పీచులుగా విడదీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఉమ్మితో తడిపి, అరచేతుల మధ్య గట్టిగా రుద్దితే అతుక్కుంటాయట. అదేదో పెద్ద కొత్త విద్య అన్నట్టు చెప్పింది. నేను ఫోను పక్కన పెట్టేశాను. అమ్మ రోజుకు ఎన్నిసార్లు చేసేదో ఆ పని! ఏకు అయిపోగానే కదురు ఆపి, కొస నాలుక మీద ఆనించి, అరచేతిలో రుద్ది మళ్లీ మొదలుపెట్టేది. నా వేళ్లకు లావుగా తగులుతున్నవి ఆ అతుకులే. ఇక్కడ ఆమె ఆగింది, ఇక్కడ కొస నోట్లో పెట్టుకుంది, మళ్లీ మొదలుపెట్టింది. అప్పటి నుంచి అతుకు తగిలినప్పుడల్లా నా చెయ్యి ఒక్క క్షణం ఆగేది.

ఉండలన్నీ ఒక తీరుగా లేవు. గంప అడుగున ఉన్నవి సన్నగా, సమంగా ఉన్నాయి. పైకి వచ్చేకొద్దీ దారం ఒకచోట లావు, ఒకచోట పలచన. అన్నిటికంటే పైన చిన్న ఉండ ఒకటి, అది మరీ అధ్వానం. చిన్నపిల్లలు వడికినట్టుంది. అమ్మకు కాళ్లు వాచి, నల్లగొండ దవాఖానకు తిప్పిన రోజుల్లో వడికింది అది. మూత్రపిండాలు పనిచేయడం లేదని డాక్టరు చెప్పిన తర్వాత కూడా ఇంటికొచ్చి కదురు ముందు కూర్చునేది. చెయ్యి వణుకుతుందని మాతో ఎన్నడూ అనలేదు. దారం చెప్పింది. ఆ ఉండ చేతిలో పట్టుకొని నేను ఏడ్చాను. వాకిట్లోనే, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగానే ఏడ్చాను. అమ్మ పోయిన రోజు ఏడవలేదని నన్ను ఆడిపోసుకున్నవాళ్లు కూడా చూసిపోయారు.

మొదటి స్వెట్టరు తల మీంచి తొడుక్కునేది. పూర్తి చేసి, మురిసిపోతూ తీసుకుపోయాను. నాయిన దగ్గర నిలబడ్డాక తెలిసింది నా తెలివి. చేతులు పైకి లేవని మనిషికి తల మీంచి ఎట్లా తొడుగుతాను? ఎట్లా ప్రయత్నించినా ఆయన మోచేతులు మధ్యలో ఇరుక్కుపోయాయి. నొప్పికి పళ్లు కరుచుకున్నాడు. జాగ్రత్తగా మళ్లీ తీసేసి, ఆ సాయంత్రమే మొత్తం విప్పడం మొదలుపెట్టాను. చేత్తో వడికిన దారం విప్పితే ఊరుకుంటుందా? తెగింది, తెగిన చోటల్లా నేను కూడా నాలుక మీద పెట్టి, రుద్ది, అతికించాను.

రెండోసారి ముందు భాగం తెరిచి ఉండేటట్టు, చేతులు కింది నుంచే దూర్చేటట్టు అల్లాలి. అది ఎట్లాగో తెలియదు. చంక దగ్గర, మెడ దగ్గర కన్నులు తగ్గించడం, బొత్తాలకు రంధ్రాలు పెట్టడం, అన్నీ హిందీ ఆమె దగ్గర ఒక్కొక్కటే నేర్చుకున్నాను. బొత్తాలు కుట్టాక మళ్లీ తెలిసింది, నాయిన వేళ్లకు బొత్తం పట్టు చిక్కదని. సరే, నాడాలు పెట్టాలి అనుకున్నాను. ఇంకా మిగిలింది పైనున్న ఆ చిన్న ఉండ ఒక్కటే. దాన్ని ముట్టుకోవద్దు అనుకున్నాను గాని వేరే దారి లేదు. ఆ ఎగుడుదిగుడు దారంతో బిగుతుగా రెండు నాడాలు అల్లి ఎదురుగా కుట్టాను. గంపలో వేపాకు తప్ప ఏమీ మిగల్లేదు.

ఇట్లా చలి సగం గడిచేసరికి స్వెట్టరు ఆయన ఒంటి మీదికి వచ్చింది. నేను నాడాలు ముడి వేస్తుంటే ఆయన కదలకుండా నిలబడ్డాడు. తర్వాత ఒక చేత్తో ఇంకో చేతి మీది ఉన్నిని నిమిరాడు. "ఆమెదే" అన్నాడు. బాగుందని గాని, వెచ్చగుందని గాని అనలేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. ఆ వారంలోనే మండలంలో మీటింగుంటే పోయి, మధ్యాహ్నం దాటాక వచ్చాను. వాకిట్లో, ఒకప్పుడు పడుగు సాగదీసిన పాత గుంజల మధ్య నా స్వెట్టరు వేలాడుతోంది. రెండు చేతులూ తాళ్లతో ఆ గుంజకూ ఈ గుంజకూ కట్టి ఉన్నాయి. కింది అంచుకు రాళ్లు కట్టి ఉన్నాయి. నాయిన కుంచె పట్టుకొని, గిన్నెలోని చింతగింజల గంజి దాని మీద పూస్తున్నాడు. గొంగడి నేసే ముందు పడుగుకు పెట్టే గంజి అది. దారం గట్టిపడాలని, వానకు తట్టుకోవాలని పెడతారు. పడుగు దారానికి పెట్టేదాన్ని తెచ్చి అల్లిన బట్టకు పెట్టాడు! నాకు తెలియకుండా ఎన్నాళ్ల నుంచి గింజలు నానబెట్టాడో, ఎవరితో రుబ్బించుకున్నాడో, ఆ తాళ్లూ రాళ్లూ ఎవరితో కట్టించుకున్నాడో. నాడాలను కూడా వదల్లేదు, వాటికైతే మరీ శ్రద్ధగా పూశాడు.

నేను అరిచాను. నా చేతి సంచి ఎక్కడ పడేశానో కూడా తెలియదు.

"ఏంజేస్తున్నవ్ నాయినా? గది పడుగా? నాశనం జేసినవ్ గదా! నా చేతులు పుండ్లు పడ్డయ్ దానికి!"

ఆయన కుంచె దించాడు. మనిషి మొత్తంగా నా వైపు తిరిగాడు.

"మీ అమ్మ వడికింది. నువ్వు అల్లినవ్. మరి నా చెయ్యేది దాంట్ల?"

పెండ్లయినప్పటి నుంచి ఆమె వడికిన ప్రతి దారం ఆయన చేతి మీదుగానే పోయింది. ఇది ఒక్కటే ఆయన చెయ్యి పడకుండా తయారైంది. నేను గిన్నె పట్టుకొని పక్కన నిలబడ్డాను. ఆయన మిగిలిన గంజి కూడా పూశాడు.

ఆరాక అది అట్టలాగ తయారైంది. మోకాళ్ల దాకా సాగింది. ఆయన పడుకున్నాక తెచ్చి చల్లటి నీళ్లలో నానబెట్టి పిండాను. కొంత గంజి పోయింది, కొంత పోలేదు. బిగుతుగా అల్లిన నాడాల్లోంచి అసలే పోలేదు. సాగింది సాగినట్టే ఉంది. కన్నులు విచ్చుకొని, వెలుతురుకు పట్టి చూస్తే అవతలి గోడ కనపడుతోంది. గొంగడి గాలిని ఆపుతుంది, నా అల్లిక గాలికి జల్లెడ అయింది. ఆయన మాత్రం పొద్దున్నే నాడాలు కట్టించుకొని అరుగు మీద కూర్చునేవాడు. "వెచ్చగున్నదా?" అంటే "మస్తుగున్నది" అనేవాడు. ఒకనాడు వీపు గోకమంటే లోపల చెయ్యి పెట్టాను. ఒళ్లంతా చల్లగా ఉంది. ఎన్నాళ్ల నుంచి ఆయన నాకు తెలియకుండా వణుకు ఆపుకుంటున్నాడో!

పులి దుప్పటి తెచ్చాను. ఈసారి వద్దనలేదు. "మీద కప్పు. లోపట గది ఉండని" అన్నాడు. తర్వాత, "బిడ్డా, గిది నాతోటి పంపకు. గొంగడైతె విప్పరాదు. గిది విప్పొస్తది గద. విప్పి నీకేమన్న అల్లుకో" అన్నాడు. గిన్నెలు సర్దుకొని గోడ అవతలికి వచ్చేశాను.

చలికాలం దాటాడు. దాటించానని నేను ఊరంతా చెప్పుకున్నాను. మామిడికాయలు వచ్చే వేళకు, ఒక పొద్దున టీ తీసుకుపోతే గోడకు ఆనుకొని ఉన్నాడు, ఎప్పటిలాగే. ఎండాకాలమైనా ఒంటి మీద ఆ స్వెట్టరే ఉంది. పిలిచాను. మళ్లీ పిలిచాను. టీ గ్లాసు కింద పెట్టి, పక్కన కూర్చున్నాను.

వాకిట్లో చుట్టాలు మళ్లీ అడిగారు, గొంగడేది అని. విప్పుకొమ్మని ఆయన చెప్పిన మాట నా చెవుల్లో ఉంది. అమ్మ చేతి ఉన్ని అంటూ లోకంలో ఇంకెక్కడా లేదు, అదంతా ఆయన ఒంటి మీదే ఉంది. నాకు అది కావాలి. ఎంత కావాలో చెప్పలేను. కాని తన గొంగడి తీసి ఆమెకు కప్పిన మనిషిని ఉత్త చేతులతో ఎట్లా పంపను? "ఒంటి మీదున్నదే ఆయన గొంగడి. అట్లనే ఉండనియ్యుండ్రి" అన్నాను. మా మేనత్త దగ్గరికొచ్చి, "పొయ్యేటోని ఒంటి మీద ముడి ఉండొద్దు బిడ్డా, విప్పు" అంది. మొలతాడు కూడా తెంపి తీసేస్తారు గదా. ప్రతి పొద్దునా నేను వేసిన ముడి అది. విప్పాను. నాడాలు కుట్టిన చోట కత్తెరతో తెంపి అత్త నా చేతిలో పెట్టింది. మిగతాదంతా ఆయనతో పోయింది.

నాడాలు విప్పితే పిడికిట్లో పట్టే ఉండ ఒకటి అయింది. దాంతో పసిపిల్లల సాక్సు కూడా రాదు. అందుకే అది నాకు అన్నిటికీ పనికొస్తుంది. ఫోన్లో హిందీ ఆమె కొత్త అల్లిక ఏది చూపించినా దాంతోనే నేర్చుకుంటాను. జడ అల్లిక నేర్చుకున్నాను, చిల్లులు చిల్లులుగా వచ్చే జాలీ నేర్చుకున్నాను. చేయి తిరగ్గానే విప్పి మళ్లీ ఉండ చుట్టేస్తాను. అక్క తిడుతుంది, "కొత్త ఊలు కొనుక్కోరాదూ, ఎన్నిసార్లు విప్పుతవ్ దాన్నే?" అని. నిజమే, విప్పినప్పుడల్లా పీచు కొంత రాలుతుంది, దారం ఇంకొంచెం పలచబడుతుంది. మానలేను. అల్లి ఉంచేస్తే అయిపోతుంది. విప్పితే మళ్లీ మొదటి నుంచి అమ్మ వేళ్ల కిందికి పోవచ్చు.

మొన్న మధ్యాహ్నం పిల్లలు ఇళ్లకు పోయాక, అంగన్‌వాడీ గదిలో కూర్చొని విప్పుతుంటే తెగింది. చూస్తే లావుగా ఉన్న చోట, అమ్మ అతికించిన చోటనే తెగింది. ఆమె అతుకు విడిపోవడం అదే మొదటిసారి. రెండు కొసల పీచులు విడదీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, నాలుక మీద ఆనించాను. కొంచెం వగరుగా, పిండి పిండిగా తగిలింది. ఏమిటో తెలియడానికి ఒక్క క్షణం పట్టింది. చింతగింజల గంజి.

"ఉంది నాయినా, నీ చెయ్యి గూడ ఉంది దాంట్ల" అన్నాను, ఖాళీ గదిలో పైకే. అరచేతుల మధ్య పెట్టి గట్టిగా రుద్దాను. అతుక్కుంది.